భద్రమ్మ చేయని చేతబడి

భద్రమ్మ నోరు తెరిచి నవ్విందంటే మా ఊరి మగవాళ్లు తల దించుకునేవారు. సిగ్గుతో అనుకునేరు, కాదు, భయంతో. ఆ నోట్లో ముందు పళ్లు లేవు. పీకింది వీళ్లే.

పామిడికి ఎగువనున్న మా ఊళ్లో నేను ఆమె పక్కింటి కోడలిని. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక మెట్టచేను, అందులో ఒక బావి. డెబ్బై రెండు కరువులో ఊరి బావులన్నీ ఎండినా ఆ బావిలో బిందె మునిగేటన్ని నీళ్లుండేవి. పడమటి పక్క చేను శ్రీరంగప్పది. పెద్ద రైతు, ఊళ్లో మాట చెల్లే మనిషి. ఆ ఏడు అతని బావి అడుగంటింది, వేరుశనగ మాడిపోయింది, కాడెద్దు ఒకటి చచ్చింది. గడ్డి లేక చచ్చింది మహాప్రభో అంటే వినే రకమా? ఎవరో చేతబడి చేశారని పామిడిలో అంజనం వేసే నల్లప్ప దగ్గరికి పరుగెత్తాడు. నల్లప్ప తమలపాకుకు కాటుక పూసి, అందులోకి చూసి, తూర్పు చేని ఆడమనిషి అని చెప్పాడు.

చేతబడి చేసేవాళ్లకు ముందు పళ్లు పీకేస్తే మంత్రం సరిగ్గా పలకదు, పలక్కపోతే పారదు. ఇదీ మావాళ్ల తెలివి. భద్రమ్మను రచ్చకట్ట దగ్గరికి ఈడ్చుకొచ్చారు. పట్టకారు పట్టింది శ్రీరంగప్పే. "నాకేం రాదప్పా, మా నాయన మీద ఒట్టు" అని ఆమె అరుస్తూనే ఉంది. ఊరంతా నిలబడి చూసింది. ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

పుండు మానాక ఆమె చేసిన మొదటి పని నల్లప్ప దగ్గరికి పోవడం. నేను తోడు వెళ్లాను. జుట్టు పట్టుకుని కొడుతుందనుకున్నాను. ఆమె నింపాదిగా కూర్చుని అడిగింది.

"ఏమప్పా, ఆ ఆకులో నా మొగం ఎట్ల కనపడె నీకు?"

నల్లప్ప దబాయించబోయి, ఆ నోరు చూసి జంకాడు.

"నాకేం కనపడలేదమ్మా. నీ మింద ఎవురి కండ్లు పడినాయప్పా అని అడిగితి. తూరుపు చేను, ఒంటి ఆడది, బావిలో నీళ్లుండాయి అని ఆయప్పే చెప్పె. నేను తలకాయ ఊపితి."

ఇద్దరం తిరుగుదారి పట్టాం. ఊరు దగ్గరపడ్డాక, "తెలిసిపాయె మే లక్ష్మీ. ఈ విద్యలో మంత్రగాడు చేసేదేం లేదు. బయపడేటోడే అంతా చేసుకుంటాడు. ఇంక వాన్ని ఇడిసిపెట్టను" అంది.

మర్నాటి నుంచి చేనికి పోతూ శ్రీరంగప్ప వాకిలి ముందు ఆగేది. గడపకేసి చూస్తూ పెదాలు కదిలించేది. వెళ్లిపోయేది. అంతే. నిమ్మకాయ లేదు, కుంకుమ లేదు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. పళ్లు పీకినా మంత్రం ఆగలేదని ఊరు గుసగుసలాడింది. ఏం చదువుతావని నేనడిగితే, "మంత్రమేంది మే? తిట్లు. వాని పేరు పెట్టి నోరారా తిట్టుకుంటా" అంది.

మిగతాదంతా శ్రీరంగప్పే చేసుకున్నాడు. కాలు జారినా, పాలు విరిగినా భద్రమ్మే. ఏదో పాతిపెట్టిందని గడప పెకలించి చూశాడు. వాకిలి మూసేసి వెనక గోడకు తలుపు పెట్టించాడు. ఆమె వెనక సందులోంచి నడవడం మొదలుపెట్టింది. పెండ్లాం వండినది కూడా ముందు ఆ పెండ్లామే తిని చూపిస్తేగాని ముట్టేవాడు కాదు. నిద్ర పోయింది, కండ పోయింది. అనంతపురం డాక్టరు జబ్బేమీ లేదంటే ఇంకా బెదిరాడు.

ఏళ్లు గడిచాయి. ఇక చాలు కదా అని ఒకసారి అన్నాను.

"నాకు పండ్లు మొలిచినాయా?" అంది.

ఎనభై నాలుగులో శ్రీరంగప్ప కర్ర ఊతంగా పట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. అంతవరకూ 'ఏమే' తప్ప వేరే పిలుపు ఎరగని మనిషి.

"అక్కా, తప్పయిపాయె. తీసెయ్. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లొద్దు. భద్రమ్మకు చేతబడి రాదు, ఏపొద్దూ రాలేదు అని ఊరందరి ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్."

అంతేనా అన్నట్టు అతని ముఖం వెలిగింది. ఆ ఆదివారమే ఊరిని పిలిపించాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటే నిలబడి, మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, ఆమె చెప్పమన్న మాటలే దేవుడి మీద ఒట్టేసి చెప్పాడు. మాలో అబద్ధపు ప్రమాణం చేస్తే వంశం మిగలదంటారు. తర్వాత ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నువ్వు చెప్పినట్టే చేస్తి. ఇంక తీసెయక్కా."

"యాడిది తీసేది?" భద్రమ్మ అందరికీ వినపడేలా అంది. "నాకేం రాదని నువ్వే ఇప్పుడు కర్పూరం ఆర్పితివి. ఆ పొద్దు నేను చెప్పిందీ అదే."

శ్రీరంగప్ప నమ్మలేదు. నమ్మలేడు. తీయక్కా, తీయక్కా అంటూ ఆమె కొంగు పట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు. నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు. భద్రమ్మ కొంగు విడిపించుకోలేదు. అతను ఏడ్చినంతసేపూ నిలబడి చూసింది.