కడిగేసిన గుర్తు కోసం కుప్పం దాకా

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు నా కూతురి పెరుగన్నంలో ఇసుక రాలింది. గాలి లేదు. కిటికీలు మూసే ఉన్నాయి. ఆరేళ్ల సుజాత ముద్ద నములుతూ, "అమ్మా, కరకరమంటాంది" అంది. తలెత్తి చూశాను. ముందుగది కప్పులో రెండు రాతి బండలు కలిసే చోట, సున్నం మీద వెంట్రుకంత గీత కనిపించింది. నిన్నటిదాకా అది ఉందో లేదో నాకు తెలియదు. చూసిన మరుక్షణం ఎర్రమన్ను గుర్తులు జ్ఞాపకం వచ్చాయి. చేతిలోని కంచం కింద పెట్టేశాను.

మదనపల్లెలో మేం కట్టుకున్న ఈ ఇల్లు సగం పాతది. పుంగనూరులో పడగొడుతున్న ఒక చింతపండు మండీని మావారు కొని, కూల్చిన చోటనే సామానంతా వేరు చేయించారు. దేన్నీ పారేయలేదు. ఇటుకలకు అంటిన గచ్చు గీకి మంచివి పేర్చారు. విరిగినవాటిని ఆడకూలీలు సుత్తెలతో కంకరగా కొట్టారు. అది మా గదుల నేల కిందికి వచ్చింది. రాలిన పాత సున్నాన్ని కూడా జల్లెడ పట్టి కొత్త సున్నంలో కలిపారు. మండీ కప్పులోని ఇరవైయొక్క రాతి బండలే మా కప్పు. వాటిని దించినప్పుడు మునెప్ప అనే రాతిపనివాడు ఒక్కొక్కదాన్నీ సుత్తెతో తట్టి, చెవి ఆనించి విని, ఎర్రమన్నుతో గుర్తు వేశాడు.

బండలు లారీలో మా స్థలానికి చేరిన రోజు అత్తగారు వాటిని ఎవరినీ ముట్టనివ్వలేదు. మండీ సొంతదారు ఆ కప్పు కిందే పోయాడట. పరుల ఇంటి రాయిని, అందులోనూ చావు చూసిన రాయిని, పసుపునీళ్లతో కడగందే కొత్తింటికి ఎక్కించకూడదన్నారు. మావైపు చాలా ఇళ్లలో ఉన్న పట్టింపే. నేను బి.ఎస్సీ. చదివినదాన్ని. అయినా గుర్తులు పోతాయని ఒక్క మాట అనలేదు. కొబ్బరి పీచు తీసుకుని నేనే తోమాను. ఎర్రనీళ్లు కాళ్ల కిందుగా పారాయి. ఒక బండ మీద ఇంటూ గుర్తు మందంగా ఉండి ఎంతకీ వదల్లేదు. దాన్ని రెండుసార్లు తోమాను. తర్వాత బండలు పరిచిన మేస్త్రీ వేరే మనిషి. ఆయనకు ఆ గుర్తుల సంగతే తెలియదు.

ఆ సాయంత్రం ఆ మేస్త్రీని పిలిపించి గీత చూపించాను. "కొత్తిల్లు కదమ్మా, నాలుగు దినాలు రాలతాది" అని వెళ్లిపోయాడు. కడిగిన సంగతి ఆయనకు చెప్పలేకపోయాను. మావారు ఆఫీసు శిక్షణకు కడప వెళ్లారు, ఇంకా పది రోజులకు గాని రారు. మునెప్పను వెతికి అడగడం తప్ప నాకు దారి తోచలేదు.

సోమవారం తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు అత్తగారికి గట్టిగా చెప్పాను.

"పిల్లల్ని ముందుగదిలోకి రానివ్వద్దు అత్తా. వెనకగదిలోనే ఉంచండి."

"నీ భయం నీతో పోదు, పిల్లోళ్లకు గూడా అంటిస్తావు. సరే పో, ఆ గడప దాటనిస్తే నన్నడుగు" అన్నారావిడ.

రెండేళ్ల చిన్నవాడు వెనకగదిలో ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. ఒకసారి ఊపి బయటికొచ్చాను.

అయిదున్నర బస్సుకు పుంగనూరు టికెట్టు రెండు రూపాయల చిల్లర. ఖాళీ పాలక్యాన్లతో ఊరికి తిరిగిపోతున్న ఒకామె నా పక్కన కూర్చుంది.

"యాడికమ్మా, పిల్లోళ్లు గూడా లేకుండా?"

"ఒక మేస్త్రీని చూడాలి."

"మొగోళ్లు పోవాల్సిన పనికి నువ్వు వస్తివే" అని నా ముఖం చూసి, ఇంకేం అడగకుండా జాకెట్టులోంచి ఆకూవక్కా తీసి పెట్టింది. నేను వద్దన్నాను. ఆమే వేసుకుంది.

ఆరూ నలభైకి పుంగనూరులో దిగి మండీ ఉన్న చోటికి నడిచాను. మా ఇల్లంతా అక్కడినుంచే వచ్చిందని నమ్మడం కష్టం. పునాది రాళ్లు కూడా తవ్వేసిన గుంటల్లో వాననీళ్లు నిలిచాయి. ఒక ముసలమ్మ బురదలోంచి ఇటుక ముక్కలు ఏరి గంపలో వేసుకుంటోంది. అప్పట్లో కంకర కొట్టిన కూలీల్లో ఒకామె. నన్ను గుర్తుపట్టింది.

"మునెప్పనా? ఈడ యాడుండాడు! కుప్పం పక్క బండ కొట్టేదానికి పొయినాడు. ఆయప్పతో ఏం పని, ఇంగో మిద్దె కడతాండారా?"

లేదన్నాను. ఆమె గంపకు ఒక చేయి పట్టి తలకెత్తాను.

బస్టాండు ఎదురు హోటల్లో రెండిడ్లీలు తెప్పించుకుని ఒకటి వదిలేశాను. ఈ దారిన వెళ్లేవాళ్లు పుంగనూరులోనే తినడం మంచిది. పలమనేరులో బస్సు మారడానికి పది నిమిషాలు కూడా దొరకకపోవచ్చు. ఎనిమిదింటి బస్సెక్కి తొమ్మిదికి పలమనేరు చేరి, వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సులో నిలబడ్డాను. గంట తర్వాత సీటు దొరికింది. పక్కన ఒక రైతు పట్టుగూళ్ల గంపను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నెల్లాళ్ల కష్టమమ్మా ఇది. నేను కునుకు తీసి గంప వదిలేస్తే నన్ను ఒక తన్ను తన్ను" అన్నాడు.

అని నిజంగానే నిద్రపోయాడు. గంప అంచు పట్టుకుని వి.కోట దాకా నేనే మేలుకున్నాను. కిటికీలోంచి చూస్తే బోడి కొండలు, వాటి మీద మబ్బు. కార్తీకం వానలు ఇంకా అయిపోలేదు.

కుప్పంలో దిగేసరికి పన్నెండు దాటింది. అరవం, కన్నడం, తెలుగు మూడూ కలిసిన ఊరు. స్టేషను దగ్గర వాకబు చేసి, జట్కా మాట్లాడుకుని రెండు మైళ్ల అవతల బండ కొట్టే చోటికి పోయాను. ఒక గుట్ట సగం కోసేసి ఉంది. తాటాకు పందిళ్ల కింద పది పన్నెండు మంది ఉలులతో రాయి కొడుతున్నారు. మునెప్ప చివరి పందిట్లో ఉన్నాడు. నేను పలకరిస్తే తలెత్తలేదు. అన్నం తెచ్చిన ఆయన భార్య నాతో అంది:

"బిగ్గరగా చెప్పమ్మా. మందు పేల్చి పేల్చి ఆయప్ప చెవులు పొయినాయి."

రాయి పలుకు విని మంచిచెడ్డలు చెప్పిన మనిషి అతను. నేను దగ్గరగా వంగి అరిచాను. మండీ బండలనగానే ముఖం విప్పారింది.

"నేనేగా గుర్తులేసింది! అంకెలేసింటి. ఒకదానికి మాత్రం ఇంటూ పెట్టింటి. దాన్ని కప్పుకెక్కించలేదు గదా?"

"గుర్తులు పోయాయి!"

"యాల పోతాయి? వానకు గూడా పోకుండా మందంగా పూస్తినే."

"కడిగేశాం!"

"ఏందీ?"

"కడిగేశాం!"

"ఎవురమ్మా కడిగింది?"

ముందురోజు మేస్త్రీకి గుసగుసగా కూడా చెప్పలేకపోయిన మాట అది. గొంతు చించుకుని, "నేనే! నేనే తోమి కడిగేశాను!" అని అరిచాను. చుట్టూ ఉలుల చప్పుడు ఆగింది. ఎవరో నవ్వారు. మునెప్ప నవ్వలేదు.

ముందుగదిలో ఇసుక రాలిందని చెప్పాను. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అది సందులో పూసిన సున్నంలేమ్మా. ఇంటూ పెట్టిన బండ ఇసుక రాల్చదు. చెప్పా పెట్టకుండా ఇరుగుతాది. దాన్ని సూస్తే తెలుస్తాది, ఇనుప కొక్కెం ఉండాది దానికి. మండీలో పెద్ద కాటా కట్టిన కొక్కెం. ఎన్నేండ్లు మూటలు మోసిందో, ఆ కొక్కెం కాడే లోపల సిట్లిండాది. తడితే పగిలిన కుండ మాదిరి పలికె."

ఆ కొక్కెం మా వెనకగదిలో ఉంది. బండ పైకెక్కినప్పుడు అత్తగారు "ఉయ్యాలకు దేవుడే కొక్కెమిచ్చినాడు" అని మురిసిపోయారు. చిన్నవాడు నిద్రపోయేది దానికిందే. సుజాత ఎక్కి ఊగేది దానికే. పిల్లల్ని ఆ గది దాటనివ్వద్దని పొద్దున చెప్పి వచ్చింది నేను.

నా ముఖం చూసి మునెప్ప భార్య నీళ్లిచ్చింది. సంగతి ఆమెకు చెబితే ఆమె అతని చెవిలో అరిచింది. అతను ఉలి కింద పెట్టాడు.

"ఉయ్యాల తియ్యి. కింద లావు మాను నిలబెట్టించు. పైన గచ్చు తడిస్తే బరువు జాస్తి అవుతాది, బిరీన పో." నన్ను పంపేముందు కాస్త నెమ్మదిగా, "నేను గూడా వద్దును తల్లీ. వచ్చి ఏం చేసేది? తడితే నాకు ఇనపడదే" అన్నాడు.

ఒకటిన్నర బస్సు దొరికింది. వి.కోట దాటగానే వాన. మా వీధిలో ఎవరింట్లోనూ ఫోను లేదు. తంతి ఇచ్చినా నాకంటే ముందు చేరదు. కండక్టరును ఎన్నిసార్లు టైము అడిగానో, చివరికి ఆయన "నేను దిగి తొయ్యాల్నా ఏందమ్మా!" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. నేను ఏడవడం చూశాక ఒక్కొక్కరూ ఆపేశారు. కండక్టరు ముందుకు వెళ్లి డ్రైవరుతో ఏదో చెప్పాడు. తర్వాత రెండు స్టాపుల్లో బస్సు పూర్తిగా ఆగకుండానే మనుషుల్ని దించింది.

పలమనేరులో నలభై నిమిషాలు పోయాయి. పుంగనూరు మీదుగా మదనపల్లె బస్టాండులో దిగేసరికి ఏడు. వాన అక్కడా పడుతోంది. రిక్షా అతనికి అడిగినంత ఇస్తానన్నాను.

ఇల్లు నిలబడే ఉంది. వెనకగది గడపలో అత్తగారు అడ్డంగా కూర్చుని ఉన్నారు, మాట ఇచ్చినట్టే. లోపల చిన్నవాడు ఉయ్యాలలో ఉన్నాడు. సుజాత తాడు లాగి ఊపుతూ గర్వంగా అంది: "పొద్దున్నుంచీ ఈ గది దాటలేదమ్మా. తమ్ముణ్ణి గూడా దాటనీలేదు."

వాణ్ణి ఎత్తుకుని, దాన్ని రెక్క పట్టి లాక్కుని వానలోకి వచ్చేశాను. అత్తగారు తిడుతూ వెనకే వచ్చారు. పక్కింటి వరండాలో నిలబడి మునెప్ప చెప్పిందంతా చెప్పాను. ఆవిడ కొంగుతో చిన్నవాడి తల తుడుస్తూ, "కడగమనింది నేను" అన్నారు.

మంగళవారం ఉదయం మేస్త్రీ వచ్చి బండ కింద రెండు మాన్లు నిలబెట్టాడు. నిచ్చెనెక్కి సున్నం గీకి, తడిగుడ్డతో రాయిని తుడిచాడు. మిగతా రాయి ఆరింది. కొక్కెం దగ్గర నుంచి గోడదాకా ఒక నల్లటి గీత మాత్రం తడిగా మిగిలింది. మేస్త్రీ ఆ గీతను చూస్తూ, "దించినాక రెండు ముక్కలు చేసి బట్టలుతికే బండలు చేస్తాం. పారేసే పనిలేదు" అన్నాడు.

కుప్పం ప్రయాణం మొత్తానికి పద్నాలుగు గంటలు పట్టింది. నా చేత్తో రెండుసార్లు తోమిన ఒక్క గుర్తు చదవడానికి అంత దూరం పోయాను. ఈ రాతలు రాసుకుంటున్న ఈ రాత్రికి కూడా వెనకగది తలుపు గొళ్లెం వేసి, రెండుసార్లు లాగి చూసి వచ్చాను.

ఆ మంగళవారం ఉదయమే సుజాత అడిగింది, "నువ్వు చెప్పినట్టే వింటిమి గదమ్మా, యాల మమ్మల్ని లాగేస్తివి?" అని. ముగ్గుల డబ్బాలోంచి ఎర్రమన్ను తెమ్మన్నాను. తడిపి, ఆ గది తలుపు మీద ఇంటూ గుర్తు వేశాను. చిన్నవాణ్ణి కూడా దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను: "మీరు బాగా విన్నారు. తప్పు నాది. ఈ రాయి వద్దని ఒకాయన రాసిపెడితే, ఎందుకు రాశాడో అడక్కుండా కడిగేశాను. ఇకమీద నేను దేన్నైనా తోముతుంటే నా చెయ్యి పట్టుకుని అడగండి, అది ఎవరు రాశారు అని."