పూర్తి పాఠం గడిలో టిక్కు

మా చుట్టుపక్కల గుట్టలన్నీ లారీలెక్కి పోతున్న కాలం అది. తవ్విన ఇనుప ఖనిజం పోసుకోవడానికి జాగా చాలక సండూరు దారి పొడుగునా పొలాలు గుత్తకు అడుగుతున్నారు. మా ఊరు బండ్రిలో మాకున్న ఒక్క జొన్నచేనునూ మూడేళ్ళకు అడిగారు. నేనప్పుడు బళ్ళారిలో, గాంధీనగర్‌లో గది తీసుకుని కామర్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను.

"వాళ్ళు కుప్పలు ఎత్తుకొని పోయినంక మన భూమి మళ్ళా పండుతాదా? యాడన్నా రాసింటారు, చూసి చెప్పు పాపా" అన్నాడు నాయన.

వెతకడం నాకే వచ్చునని మహా పొగరు. తోటివాళ్ళు వాక్యమంతా కొట్టి వేల ఫలితాల్లో మునుగుతుంటే, నేను రెండు మాటలు ఏరి, వాటికి సాటి మాటలు కలిపి, పది వ్యాసాలతో పని ముగించేదాన్ని. యూనివర్సిటీ లైబ్రరీ డేటాబేసులో ఖనిజం, ధూళి, సాగునేల అని అన్ని విధాలా అడిగాను. ఒక్కటీ రాలేదు.

"ఏమీ ల్యాదు నాయనా, నష్టమని ఎవురూ రాయలా" అని ఫోన్లో చెప్పాను. ఆ మాట మీదే ఆయన సంతకం పెట్టాడు.

రెండు నెలల తర్వాత నాకు కావలసిన వ్యాసమొకటి దొరక్క లైబ్రేరియన్‌ని పిలిచాను.

"ఏందమ్మా, పూర్తి పాఠం ఉండేవే కావాలని టిక్కు పెట్టుకొని కూచున్నావు? మనం చందా కట్టిన పత్రికలే చూపిస్తాది అది. తక్కినవన్నీ దాచిపెడ్తాది" అని నవ్వాడాయన.

ఆ టిక్కు నేనే పెట్టాను. తెరుచుకోని వ్యాసం నాకెందుకని ఎప్పటినుంచో అలాగే ఉంచాను. మా లైబ్రరీకి వ్యవసాయ పత్రికల చందా లేదు. ఆయన వెళ్ళాక టిక్కు తీసి నాయన ప్రశ్నను మళ్ళీ అడిగాను. పేజీ నిండిపోయింది. సారాంశాలు చాలు: కుప్పల కింద నేల గట్టిపడుతుందట, పైమన్ను ముందే తీసి దాచుకోవాలట. తెర మీద లేనిది లోకంలోనే లేదనుకున్న నా తెలివికి నాకే సిగ్గేసింది.

చెప్పెయ్యాలనే ఆ శనివారం ఊరికి వెళ్ళాను. చేలో ఎర్రటి కుప్పలు మా ఇంటికన్నా ఎత్తున్నాయి. గట్టు మీద నాయనతో పక్క పొలం ఆయన మాట్లాడుతున్నాడు. తన పొలమూ ఇవ్వాలా వద్దా అని ఆయన ఊగిసలాట.

"భయపడొద్దప్పా. మా పాప కంప్యూటర్లో అంతా చూసిండాది" అన్నాడు నాయన. ఆ గొంతులో అంత గర్వం నేనెన్నడూ వినలేదు.

"నిజమేనా పాపా?" అని పక్క పొలం ఆయన నన్నడిగాడు.

నోరు తెరిస్తే నాయన తల దించుకోవాలి, మూసుకుంటే ఈయన పొలం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాయన నావైపే చూస్తున్నాడు.

అవునని తల ఊపాను.

వారం తిరక్కుండా ఆయన పొలంలోనూ మొదటి లారీ లోడు దించింది.