కనుమ కింద ఆగిపోయిన నేతన్న

అరవై దాటినంక నేను హిమాలయాల్లో మంచు కనుమ ఎక్కిన. వరంగల్ నుంచి పది మందిమి పోయినం. అందులో కాశిబుగ్గ నేతన్న ఒకాయన ఉండె. ఆగిన ప్రతిచోటా, తాను నీళ్లు తాగకముందే అందరి బ్యాగుల పట్టీలు గుంజి చూసేటోడు. తెగిన పోగు అతికినట్టు పట్టీలు బాగుచేసేటోడు.

కనుమ కింద, మాతోటి వచ్చిన మట్టెవాడ సేటు బ్యాగు పట్టీ ఊడింది. నేతన్న చేతి తొడుగులు తీసి, ఆ చలిగాలిలోనే కుట్టిండు. కుట్టేసరికి వేళ్లు కొయ్యబారినయి.

"దర్జీ దుకాణం బందు పెట్టి కిందికి పో. నీ కోసం ఆగితే మేం గూడ ఎక్కలేం" అన్నడు మమ్మల్ని తోలుకపోయిన లీడర్. సేటు బ్యాగు తగిలించుకొని ముందు నడిచిండు. నేతన్న ఒక్కడే కిందికి దిగుతుంటే, బడికి పోకున్నా న్యాయం నేర్చుకున్నోణ్ని అనుకునే నేను గూడ సేటు ఎనుకనే పైకి నడిచిన.

తిరిగొస్తే వరంగల్ స్టేషన్లో మాకు దండలేసిండ్రు. చేతులకు దవాఖాన కట్లతో నేతన్న గూడ వచ్చిండు.

"కాకా, పైకి పోతే ఏం కనవడ్డది?"

ఎండకు మెరిసిన శిఖరాలు నా కండ్లల్లనే ఉన్నయి.

"అంతా మబ్బే. ఏం కనవడలే" అన్న.

"అయ్యో కాకా! ఈ వయసుల గంత ఎత్తు ఎక్కి గూడ నీకు దక్కకపాయెనా!" అని ఆ కట్ల చేతితోనే నా వీపు నిమిరిండు.