ఫైలు వెనకాల స్కూటరు

ఆ ఫ్యామిలీ డాక్టరుకున్న జబ్బు ఒక్కటే. రోగి ఫైలును కంప్యూటర్లో పెద్దాసుపత్రికి పంపించి, అది చేరిందో లేదో చూసుకోవడానికి దాని వెనకాలే స్కూటరేసుకుని తనూ బయలుదేరేవాడు.

ఊళ్లో క్లినిక్కులన్నిటినీ పెద్దాసుపత్రితో కలిపే సిస్టం పెట్టింది ఒక ఇంజనీరమ్మాయి. చీటీలు పట్టుకుని రోగులు తిరిగే బాధ ఇక తప్పిందని ఆమె మురిసిపోతున్న వారంలోనే, హెల్మెట్ చంకలో పెట్టుకుని ఈయన దిగాడు.

“అమ్మాయ్, నా ఫైలొచ్చిందా?”

“మీరు బటన్ నొక్కగానే వచ్చేసింది డాక్టరుగారూ.”

“ఏదీ, చూపించు.”

చూపించింది. కళ్లజోడు తుడుచుకుని, రైలు దిగిన చుట్టాన్ని చూసినట్టు ఫైలును ఎగాదిగా చూశాడు. “దారిలో ఏమీ నలగలేదు,” అని తృప్తిపడి, “ఎలాగూ వచ్చాను కదా,” అంటూ వార్డు వైపు నడిచాడు.

ఎండైనా వానైనా అదే వరస. ఓసారి స్కూటరు మొరాయిస్తే కూరగాయల బండిలో, వంకాయల బస్తా మీద కూర్చుని వచ్చాడు.

“ఫైళ్లు గాల్లో వస్తాయండీ, మీరెందుకు శ్రమపడడం?”

“గాల్లో వచ్చేవి ఎక్కడ వాలతాయో ఎవరికి తెలుసమ్మా?”

ఇంజనీరమ్మాయి ఆయనకు ‘రసీదు డాక్టరు’ అని పేరు పెట్టింది. మీటింగులో తనకు లేని కళ్లజోడు తీసి తుడిచినట్టు నటించి, ఆయన్ను అనుకరించి చూపిస్తే డైరెక్టరు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు.

చివరికి ఆ జబ్బుకు మందూ ఆమే కనిపెట్టింది. ఫైలు చేరగానే ఆయన స్క్రీను మీద ఆకుపచ్చ టిక్కు వెలిగేలా చేసి, స్వయంగా క్లినిక్కుకు వెళ్లి చూపించింది.

“ఇక మీరు రానక్కర్లేదు.”

“అసలు రానక్కర్లేదా?”

“అస్సలు.”

పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టి, “తెలివైనదానివమ్మా,” అన్నాడాయన. మెచ్చుకున్నాడనుకుంది.

మర్నాడు వార్డు నుంచి నర్సు ఫోన్ చేసింది. రిటైరైన బస్సు డ్రైవరుకు గుండె ఆపరేషను. బీపీ దిగడం లేదు. ఇలాగే ఉంటే వాయిదా వెయ్యాల్సిందే. “ఫైలు రాలేదా అని ఒకటే గొడవ మేడమ్. మీరే వచ్చి చెప్పండి.”

ఆమె ట్యాబు పట్టుకుని వెళ్లింది.

“ఇదిగో తాతగారూ, మీ ఫైలు. పొద్దున్నే వచ్చింది.”

ముసలాయన చూపు తలుపు మీదే ఉంది. “అదొస్తే ఏం లాభం తల్లీ? వెనకాల డాక్టరు రావాలిగా.”

“ఆయనొచ్చేది ఫైలు కోసం కదండీ.”

అంత భయంలోనూ నవ్వాడు. “పనిగట్టుకుని నన్ను చూడ్డానికొస్తే, నా పని అయిపోయిందని నేను హడలిపోనూ? అందుకని ఫైలు వంక పెడతాడు. కాసేపు కంప్యూటర్లని తిట్టి, నా చెయ్యి పట్టుకు కూర్చుంటాడు. మొన్న మా ఆవిడ కంటి ఆపరేషనుకీ అంతే. మాకు తెలీదనుకుంటాడు, పిచ్చి మారాజు!”

ఆమె చెవులు వేడెక్కాయి. మీటింగులో తను తుడిచిన ఆ లేని కళ్లజోడు గుర్తొచ్చి, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వరండాలోకొచ్చి ఫోన్ చేసింది. ఖర్మకాలి డైరెక్టరు అక్కడే నిలబడి ఉన్నాడు.

“డాక్టరుగారూ, మీ ఫైలు రాలేదండీ.”

“ఇక్కడ టిక్కు పచ్చగా వెలుగుతోందే!”

“అది అబద్ధమాడుతోందండీ. తప్పు నాదే. మీరొకసారి రావాలి.”

“నే చెప్పలా!” ఆ వెంటనే కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

డైరెక్టరు కనుబొమలెగరేశాడు. “సిస్టం ఫెయిలైందా?”

“సిస్టం బాగానే ఉంది సార్. నేనే ఫెయిలయ్యాను,” అంది నేల చూస్తూ.

హెల్మెట్ తియ్యకుండానే వచ్చేశాడు డాక్టరు. ఆమె తలెత్తకుండా ట్యాబు చాపింది. “ఇప్పుడే వచ్చిందండీ.”

ఆయన కళ్లజోడు తుడుచుకుని ఫైలు చేరిన వేళ చూశాడు. ఆమె వంకా చూశాడు.

“పాపం, దారిలో ట్రాఫిక్కేమో,” అని వార్డులోకి నడిచాడు.

“ఫైలు కోసమేనా డాక్టరుగారూ?” లోపల్నుంచి డ్రైవరు గొంతు.

“మరి నీ కోసమనుకున్నావా!”

కాసేపటికి బీపీ దిగింది. ఆపరేషను బాగానే జరిగింది. ఆ సాయంత్రమే ఇంజనీరమ్మాయి, ఆయనొక్కడి స్క్రీను మీంచి ఆకుపచ్చ టిక్కు తీసేసింది.