నా పేరుతో అక్క రాసిన సీరియల్

అక్క రాతల మీద మూడేళ్లు నా పేరు ఉంది. అన్నాళ్లూ ఆమెను చూసి కుళ్లుకున్నాను.

మేమిద్దరం మలేషియాలో, సైబర్‌జయ ఊళ్లోని ఒక స్టూడియోలో తమిళ సీరియళ్లకు కథ, మాటలు రాసేవాళ్లం. ఇంట్లో తెలుగు, పనిలో తమిళం. ఆమె సుంగై సిపుట్ రబ్బరు తోటల్లో పుట్టిన మనిషి, మాట చివర ఇక్కడివాళ్లలాగే ‘లా’ తగిలించేది. నాకంటే ఆరేళ్లు పెద్ద. చుట్టరికం లేకపోయినా అక్కా అనేదాన్ని. ఒకరోజు షూటింగులో లైట్లు కట్టే మనిషి నిచ్చెన మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. తప్పంతా అతనిదేనని స్టూడియోవాళ్లు ఒక కాగితం తెచ్చి, అక్కడే ఉన్న మమ్మల్ని సంతకం పెట్టమన్నారు. నేను పెట్టాను. అక్క పెట్టలేదు. నిచ్చెన పాడైందని ముందే చెప్పామని పేపరువాళ్లకు కూడా చెప్పింది. ఆ తర్వాత ఆమెకు ఎక్కడా పని దొరకలేదు. ఇవ్వొద్దని ఎవరూ రాసిపెట్టలేదు. ఏ కంపెనీకి ఫోన్ చేసినా తర్వాత చూద్దామనేవారు.

కొన్ని నెలలకు మా ఇంటికి వచ్చి, సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"నీ పేరెట్టి ఇచ్చీయి సెల్లీ. నాను రాసినానని తెలిస్తే సదవరు కూడా లా."

ఒప్పుకున్నాను. వచ్చిన డబ్బంతా ఆమెకే ఇచ్చేదాన్ని, అందులో నాకు ఏ బాధా లేదు. బాధ పొగడ్తలతో మొదలైంది. ఆ సీరియల్లో ఒక తల్లి ఉంటుంది. కూతురి మీద కోపం వస్తే ఏమీ అనదు, ఉతికిన బట్టలే మళ్లీ ఉతుకుతుంది. క్లాంగ్ మార్కెట్లో ఒకామె నా చెయ్యి పట్టుకుని, మా అమ్మ అచ్చం అంతేనంటూ కళ్లు తుడుచుకుంది. నేను తలూపాను. ఇంటికొచ్చేదాకా ఒళ్లు మండిపోయింది. పని లేక కూర్చున్న మనిషికి ఇవన్నీ ఎలా తడుతున్నాయి? నాకెందుకు తట్టవు? ఆమె పంపిన ప్రతి భాగంలో తప్పులు వెతికేదాన్ని. దొరక్కపోతే బాగున్న మాటలే కొట్టేసేదాన్ని. ఆ మాటలు స్టూడియోవాళ్లు తీసేశారా అని అక్క ఒక్కసారి అడిగింది. అవునన్నాను.

ఆ తర్వాత నేను సొంతంగా ఒక కథ రాసి ఇచ్చాను. నిర్మాత చదివి, ఈసారి తొందరపడ్డట్టున్నారు అన్నాడు. అదే వారం అక్క సీరియల్‌కు బహుమతి వచ్చింది, నన్ను వేదిక ఎక్కమన్నాడు. అప్పుడు నిజం చెప్పేశాను. మంచితనంతో కాదు. ఆమె రాతకు నేను దండ వేయించుకోవడం ఇక నా వల్ల కాలేదు.

అతను ఆశ్చర్యపోలేదు. తమిళంలో నెమ్మదిగా అన్నాడు.

"మొదటి భాగం చదివినప్పుడే తెలుసమ్మా. అది మీ రాత కాదు."

అందరికీ తెలుసట. వాళ్లకు ఆమె రాత కావాలి, పేరు వద్దు. నేను ఆ బహుమతి సభకు వెళ్లలేదు. తిన్నగా అక్క దగ్గరికి వెళ్లి, మాటలు కొట్టేసింది నేనేనని చెప్పాను.

"తెలుసు," అంది. "నాను రాసిన మాట నాకు గురుతుండదేటి?"

తిడితే బాగుండేది. అన్నం తిని వెళ్లమంది.

మరుసటి ఏడాది ఒక కొత్త కంపెనీ ఆమెను పిలిచింది. తెర మీద ఆమె పేరే వేశారు. మొదటి భాగం చూశాను. చాలా బాగుంది. ఆ మాట ఫోన్ చేసి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.