ఎల్లారెడ్డికి శివాథీరియం

అప్పట్లో నాకు బతికున్న జంతువులంటే పెద్ద గౌరవం ఉండేది కాదు. ఆవూ మేకా కోడీ రోజూ కళ్లముందు తిరిగేవే, వాటిలో వింతేముందని నా లెక్క. మనసంతా చచ్చిపోయిన వాటి మీదే ఉండేది. అదీ నిన్నా మొన్నా చచ్చినవి కాదు; మా తాత తాతకు కూడా కనబడకుండా ఎప్పుడో మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయినవి. గద్దంత తూనీగ. ఆటో అంత చిప్పను వీపున మోసుకు తిరిగిన గ్లిప్టోడాన్. ఏనుగంత ఒళ్లు పెంచి, కూర్చున్నచోటి నుంచే కొమ్మలు వంచుకుని ఆకులు మేసిన నేల స్లాత్ (దీని బొమ్మ చూసినప్పుడల్లా మా చిన్న మేనమామ గుర్తొచ్చేవాడు). ఏది పైనో ఏది కిందో తెలియక శాస్త్రవేత్తలే చాలాకాలం తలకిందులుగా బొమ్మ గీసుకున్న ముళ్ల పురుగు ఒకటి. ఇలాంటి వాటిని తలలో పెట్టుకుని, బీఎడ్ పట్టా చేతబట్టుకుని, కామారెడ్డిలో రోజూ పొద్దున్నే బస్సెక్కి ఎల్లారెడ్డిలోని ఒక ప్రైవేటు బడికి సైన్సు చెప్పడానికి వెళ్లేదాన్ని. ఏ పాఠం మొదలుపెట్టినా బండి అటే మళ్లేది. బోర్డు మీద 'కిరణజన్య సంయోగక్రియ' అని రాసేదాన్ని. ఆకు సంగతి వచ్చాక ఆకు తిన్నవాళ్ల సంగతి రావాలి కదా. గంట కొట్టేసరికి పిల్లలు నోళ్లు తెరుచుకుని స్లాత్ గోళ్ల గురించి వింటూ ఉండేవారు. సిలబస్ మాత్రం ఎక్కడిదక్కడే శిలాజంలా ఉండిపోయేది.

మా బడి యజమానిని అందరూ కరస్పాండెంట్ సారు అనేవాళ్లం. ఆయన బడి పెట్టకముందు ఎరువుల దుకాణం నడిపారు. బడినీ అలాగే నడిపేవారు: సీజన్‌కు ముందే సరుకు రోడ్డు మీదికి కనబడాలి. ఆ ఏడు వార్షికోత్సవానికి నన్ను పిలిచి, "మేడం, గేటు కాడ పెద్ద డైనోసార్ పెడదాం. పోరగాండ్లు తల్లిదండ్రుల్ని గుంజుకొస్తరు" అన్నారు. ఇంకెవరైనా అయితే సరే సార్ అని వెళ్లి టీ తాగేవారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. "డైనోసార్ అందరు పెడ్తరు సార్. మనం మన దేశపు జంతువును పెడదాం. శివాథీరియం" అన్నాను. "గదేంది? శివరాత్రికి పెడ్తరా?" అని అడిగారాయన. శివాలిక్ కొండల్లో దాని ఎముకలు దొరికాయనీ, జిరాఫీ వంశమే గానీ మెడ అంత పొడుగు ఉండదనీ, ఒళ్లు ఏనుగుకు దగ్గరగా ఉంటుందనీ, నెత్తి మీద రెండు చాటలు తగిలించినట్టు పెద్ద కొమ్ములూ, కళ్ల మీద ఇంకో రెండు చిన్న కొమ్ములూ ఉంటాయనీ చేతులు తిప్పుతూ చెప్పాను. ఆయన నా చేతుల వంక భయంగా చూసి, "అంటే జిరాఫీ?" అన్నారు. "జిరాఫీకి పెద్దనాయన వరుస సార్." చివరికి ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, "చూసినోళ్లు గుర్తువట్టాలె మేడం. గుర్తువట్టకపోతే మీరు, మీ శివా థియేటర్, ఇద్దరు గేటు బయటనే" అన్నారు. నా నౌకరీకి ఇంకా ఏడాది నిండలేదు. ఆ మాట నవ్వుతూ అన్నారో నిజంగానే అన్నారో నాకు తెలియలేదు.

బొమ్మ చేయడానికి కామారెడ్డిలో వినాయక విగ్రహాలు చేసే అన్నను పట్టుకున్నాను. చలికాలం, చేతిలో పనిలేదు, ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. నేను పుస్తకంలోంచి గీసుకెళ్లిన బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి, "కూసోబెట్టాల్నా, నిలవెట్టాల్నా?" అన్నాడు. నిలబెట్టాలన్నాను. "చేతులెన్ని?" చేతులుండవు, నాలుగు కాళ్లే అన్నాను. కొంచెం నిరాశపడ్డాడు. "మరి దీనికి వాహనమేంది?" అని అడిగాడు. (ఎలుకలు నాలుగు తయారుగా ఉన్నాయట, వద్దన్నా వినకుండా తెచ్చి చూపించాడు.) గడ్డి, కొబ్బరి పీచు, ప్లాస్టర్‌తో పని మొదలైంది. నేను రోజూ సాయంత్రం బస్సు దిగి నేరుగా షెడ్డుకు వెళ్లి కొలతలు సరిచేసేదాన్ని. నేను వెనుదిరగగానే అతని చేతులు వాటికి అలవాటైన దారిన అవి పోయేవి. చివరికి తయారైన శివాథీరియానికి కొమ్ములు నేను చెప్పినట్టే వచ్చాయి. పొట్ట మాత్రం అచ్చం ఉండ్రాళ్లు తిన్న పొట్ట. రెప్పలు పొడుగ్గా, కళ్లు దయగా, ముందు కుడికాలు కాస్త పైకెత్తి ఉంది. "అన్నా, గీ కాలేంది?" అన్నాను. "దీవిస్తుంది" అన్నాడు. "అడవి జంతువన్నా అది, కోపంగ ఉండాలె." "నా చేతిల కోపం రాదు చెల్లే. నేను చేసినయన్నీ దీవిస్తయి." మర్నాడే వార్షికోత్సవం.

పొద్దున్నే దాన్ని ట్రాలీ ఆటోలో నిలబెట్టి తాళ్లతో కట్టాం. కొమ్ములు విరగకుండా పట్టుకోవడానికి నేను వెనకాల దాని పొట్టను ఆనుకుని నిలబడ్డాను. ట్రాలీ నడిపే భాయి ఏటా కామారెడ్డి వినాయకుల్ని చెరువులకు చేర్చేవాడే. కరెంటు వైర్లు ఎత్తడానికి కర్ర కూడా తెచ్చుకున్నాడు. బండి స్టార్టు చేస్తూనే, "గణపతి బప్పా!" అని గట్టిగా అరిచాడు. నేను ఉలిక్కిపడ్డాను. "ఆదత్ పడ్డది టీచరమ్మా, ఏమనుకోకుండ్రి" అన్నాడు. ఏమీ అనుకోలేదు గానీ, ఆ అరుపుకు రోడ్డు పక్కన టీ తాగుతున్న ఇద్దరు లేచి దండం పెట్టారు. నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

లింగంపేట దాటాక ఒక ఊరి బస్టాపు దగ్గర నాట్లకు వెళ్లే ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. బండిని చూసి రోడ్డుకు అడ్డం వచ్చారు. భాయి బ్రేకు వేశాడు. అందరికంటే ముందున్న అవ్వ దగ్గరికి వచ్చి, ఎత్తిన కాలిని తాకి కళ్లకద్దుకుని, "ఏం దేవుడు బిడ్డా గీయన? మా దిక్కు ఎన్నడు సూడలే" అంది. "దేవుడు కాదవ్వా, జంతువు. లక్షల ఏండ్ల కింద మన దేశంలనే తిరిగింది. పేరు శివాథీరియం." "శివ... ఏందీ?" "శివాథీరియం. అంటే శివుని జంతువు అని." చదువుకున్నవాళ్లకు అర్థం విడమరచి చెప్పే జబ్బు ఉంటుంది చూడండి, అది నన్ను ముంచింది. అవ్వ వెనక్కి తిరిగి, "అగో, నేను చెప్పలే! శివునిదేనంట!" అని కేకేసింది. పక్కనే ఉన్న కిరాణా దుకాణంలోంచి కొబ్బరికాయలు వచ్చాయి, కుంకుమ వచ్చింది, ఎవరి ఇంట్లోంచో బంతిపూల దండ వచ్చింది. నేను ట్రాలీ మీద నిలబడి, "ఇది మట్టి, ప్లాస్టర్, కొబ్బరిపీచు! నిన్ననే రంగేసిన్రు!" అని మొత్తుకున్నాను. ఒక ముసలి బాపు తల పైకెత్తి శాంతంగా, "మరి మన దేవుండ్లను దేంతోటి చేస్తరు బిడ్డా?" అని అడిగాడు. భాయి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇప్పుడు మీరెంత చెప్పినా ఇనరు టీచరమ్మా. దండ ఎయ్యనియ్యుండ్రి, జల్ది అయిపోతది" అన్నాడు. జల్దీ ఏమీ కాలేదు. ఆ అవ్వ నాకూ బొట్టు పెట్టి, నోట్లో కొబ్బరి ముక్క పెట్టి గానీ పంపలేదు. తర్వాతి ఊరికి అప్పటికే ఫోన్లు వెళ్లాయి. వాళ్లు హారతి పళ్లెంతో రోడ్డు మీదే ఉన్నారు.

ఎల్లారెడ్డి చేరేసరికి ముఖ్య అతిథి వచ్చి కూర్చుని ఉన్నారు. ఆయనకు బియ్యం మిల్లు ఉండేది, చుట్టుపక్కల మంచి పలుకుబడి ఉండేది. గేటు మీద ఫ్లెక్సీ కట్టారు: 'డైనోసార్ ఆవిష్కరణ మహోత్సవం'. (శివాథీరియం అని ఫ్లెక్సీ దుకాణంలో ఎవరికీ రాయడం రాలేదట.) కరస్పాండెంట్ సారు నా వైపు వచ్చిన తీరు చూస్తే, నౌకరీ అక్కడే గేటు బయటే ముగిసేలా కనిపించింది. అంతలో ముఖ్య అతిథి ట్రాలీ వంక చూశారు. నుదుటిన కుంకుమ, మెడలో దండలు, ఎత్తిన కాలు, దయగల కళ్లు. ఆయన చెప్పులు విడిచి చేతులు జోడించారు. వెంటనే సభలోని తల్లిదండ్రులంతా చెప్పులు విడిచారు. కరస్పాండెంట్ సారు తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని బూట్ల లేసులు విప్పుకోసాగారు. బొమ్మను దించి గేటు పక్కన నిలబెట్టాక ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, మైకు అందుకుని, "ఈ డైనోసార్ స్వామి మన ఎల్లారెడ్డికి రావుడు మనందరి అదృష్టం" అని మొదలుపెట్టారు. చప్పట్లు మోగాయి.

ఊరుకుంటే బాగుండేది. అందరూ సంతోషంగా ఉన్నారు, నౌకరీ నిలిచేలా ఉంది. కానీ నా లోపల ఏదో కుతకుత ఉడికింది. లక్షల ఏళ్ల కింద బతికి, రాళ్లలో ఇరుక్కుని, ఎవరో తవ్వి తీసి పేరుపెట్టిన జంతువు; దానికి దక్కిన ఒక్క సభలోనూ ఎవరి పేరో పెట్టి పిలుస్తారా? వెళ్లి మైకు అడిగాను. "ఇది డైనోసార్ కాదు" అన్నాను. "స్వామి కూడ కాదు." కరస్పాండెంట్ సారు ఆకాశం వైపు చూశారు. ఇక అక్కడి నుంచి శివాలిక్ కొండలు, గడ్డి మైదానాలు, కొమ్ములు, జిరాఫీతో చుట్టరికం, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాను. ముగించాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాగిరెడ్డిపేట నుంచి వచ్చిన ఒక రైతు మాత్రం లేచి నిలబడ్డాడు.

"టీచరమ్మా, పాలిస్తదా?"

"దాని పిల్లలకు... ఇచ్చేదన్నా" అన్నాను. "పూటకెన్ని లీటర్లు?" ప్రపంచంలో ఏ పుస్తకంలోనూ ఈ సంగతి రాయలేదు. ఇంకొకాయన, "నాగలికి కడితే ఆగుతదా?" అన్నాడు. ఇంకొకామె, "ఈతకు ఎన్ని దినాలు మోస్తది?" అంది. ఒక్కసారిగా సభ మొత్తం సంతలా మారింది. కొమ్ములు కోయించవచ్చా, బురదలో దిగితే పైకి లేస్తుందా, ఎండకు ఓరుస్తుందా. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. అందరూ కుర్చీలు ముందుకు జరుపుకుని విన్నారు. చివరికి ముఖ్య అతిథే, "అది సరే గని అమ్మా, దినాం ఎంత మేస్తది?" అని అడిగారు. "ఏనుగంత ఒళ్లు కద సార్, ట్రాక్టర్ నిండ గడ్డి కావాలేమో." సభలో పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఈనే దినాల గురించి అడిగిన ఆమె మళ్లీ లేచి, "గంత మేత ఎవడు వెడ్తడు? గందుకే పోయినట్టుంది పాపం" అంది. "అంతే గద మరి" అని అందరూ తలలూపారు. వాతావరణం మారడం, గడ్డి భూములు మారడం అంటూ పుస్తకాలు పేజీలకు పేజీలు రాసిన విషయాన్ని మా తల్లిదండ్రుల సభ ఒక్క మాటతో తేల్చేసింది. వెళ్లేటప్పుడు చాలామంది దాని వీపు నిమిరి వెళ్లారు, దండం పెట్టకుండా, ఇంటి గొడ్డును నిమిరినట్టు. కరస్పాండెంట్ సారు నా పక్కన నిలబడి అదంతా చూశారు. "గుర్తయితే ఎవ్వరు వట్టలే మేడం" అన్నారు. నేను గేటు వైపు చూశాను. "కని యాదివెట్టుకుంటరు" అన్నారు.

శివాథీరియం గేటు దగ్గరే ఉండిపోయింది. మొదటి వానాకాలానికి పెద్ద కొమ్ములు రాలిపోయాయి. సారు దానికి పసుపు రంగు మీద మచ్చలు వేయించి జిరాఫీ అన్నారు. "మెడ పొట్టిగుంది సార్" అంటే, "పిల్ల జిరాఫీ అనుకుంటరు తియ్యుండ్రి" అన్నారు. ఆ మరుసటేడు మూపురం అతికించి తెల్లరంగు వేయిస్తే నంది అయింది. తర్వాత హెల్మెట్ పెట్టుకోమని చెప్పే నాటకంలో నల్లరంగు పులుముకుని యముడి దున్నపోతుగా నటించింది. (పరిణామ సిద్ధాంతం నేనెంత చెప్పినా పిల్లలకు ఎక్కలేదు, దీన్ని చూసి మాత్రం చక్కగా రాశారు.) ఆ తర్వాత ఒక గాలివానకు అది కూడా అంతరించిపోయింది.

ఇప్పుడు నేను వేరే బడిలో ఉన్నాను. పాఠం పాఠంలాగే చెబుతాను, సిలబస్ వేళకు పూర్తవుతుంది, సభల్లో మైకు చేతికొస్తే ముందు ఎంతసేపు మాట్లాడాలో అడిగి తెలుసుకుంటాను. నన్ను చూసి ఎవరూ భయపడరు. అప్పుడప్పుడు మాత్రం ఆ పిల్ల గుర్తుకొస్తుంది. నుదుటిన అరచేయంత బొట్టు, జుట్టు నిండా ప్లాస్టర్ పొడి, నౌకరీ పోతుందని తెలిసినా చచ్చిన జంతువు తరఫున ఊరంతటితో వాదనకు దిగిన ఆ పిల్ల. ఎక్కడైనా ఎదురుపడితే బుద్ధి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఎదురుపడితే మాత్రం చెప్పనని నాకు తెలుసు. మైకు ఆమె చేతిలోనే ఉంచి, దిగి వెళ్లి, కింద ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంటాను.