పాత బియ్యం, కొత్త టైర్లు

"అవ్వా, ఇవి టైర్లు. బియ్యం కాదు."

"ఏదైనా ఒకటేమే. కొత్త బియ్యం వండితే ముద్దయిపోతాది, పాతవైతే మెతుక్కు మెతుకు అంటదు. చింతపండు పాతదే మేలు. నిమ్మకాయ ఊరగాయ పాతదే మేలు. నిలవున్న కొద్దీ సరుకు గట్టిపడతాది. అబయా, నువ్వు ఆ అటక మీదవే దించు."

"దించొద్దన్నా! అవ్వా, నీకు దండం పెడతా. నాయన నిన్ను నాతో పంపించింది బియ్యం బేరానికి కాదు."

"మీ నాయన నన్నెందుకు పంపించినాడో నాకు తెలుసులే. గమ్మునుండు."

"తెలిస్తే మరి నా పక్క మాట్లాడరాదా?"

"నీ పక్కే గదా మాట్లాడతా ఉండేది! ధర సగానికి దిగతా ఉంటే అది నీ పక్క కాకుండా ఎవరి పక్క?"

నెల్లూరు టౌన్లో టైర్ల అంగడి ముందర, నలుగురూ వినేటట్టు, నా మనవరాలూ నేనూ ఇట్టా అరుచుకుంటా ఉన్నాం. అంగడాయన నిచ్చెన మీద సగానికి ఎక్కి, దిగాల్నా ఎక్కాల్నా తెలియక మా ఇద్దరి మొహాలూ చూస్తా ఉన్నాడు. ఆకాశం అప్పటికే నల్లబడింది. వాయుగుండమని పొద్దున్నించీ టీవీలో ఒకటే చెప్పడం.

నా మనవరాలంటే నా కొడుకు కూతురు. టౌన్లో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల పని. రోగులు పరగడుపున ఉండంగానే రక్తం తియ్యాల కాబట్టి బాగా తెల్లారక ముందే అక్కడుండాల. మాది మైపాడు దోవలో పల్లె. ఆ వేళకి మా దోవన బస్సు రాదు. అందుకని సొంత జీతంతో, ఎవరో వాడి వదిలేసిన కారొకటి కొనుక్కుంది.

కారంటే మామూలు కారా! ఎర్రది. నేలకి ఆనుకొని పోతాది. ఎక్కేటప్పుడు నా మోకాళ్ళు, దిగేటప్పుడు నా నడుము మొర పెట్టుకుంటాయి. వెనకాల డిక్కీ మీద చిన్న రెక్క. అదెందుకే అంటే, "గాలికి అవ్వా, స్పీడు పొయ్యేటప్పుడు బండి లేవకుండా" అనింది. మన దోవలో గుంటలకి బండి లేస్తాదే గానీ గాలికి లేస్తాదా? కోడికి కూడా రెక్కలుంటాయి, ఎంత దూరం ఎగురుతాదో చూసినాంగా అన్నాను. పాస్టరుగారొచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినారు. నేనూ కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచినాక కూడా ఆ రెక్క అక్కడే ఉండాది.

అంతకు ముందు వారం, చినుకుల్లో, రొయ్యల గుంటల కాడ మలుపులో ఆ కారు జారింది. పిల్ల బ్రేకు తొక్కిందంట, బండి మాత్రం వినలేదంట. ముందు చక్రం గట్టు అంచుదాకా పొయ్యి ఆగింది. అవతల నిండా నీళ్ళున్న గుంట. పిల్లకేమీ కాలేదు. ఇంటికొచ్చి మాత్రం ఒకదాని వెనక ఒకటి మూడు గ్లాసుల మంచినీళ్ళు తాగింది. అది నేను చూసినాను, వాళ్ళ నాయనా చూసినాడు.

నా కొడుక్కి ప్రేమ ఎక్కువైతే గొంతు పెరుగుతాది. "బండి అమ్మేస్తా. ఉద్యోగం మానేసి మన గుంటల వ్యవహారం చూసుకో" అన్నాడు.

"బండి నా పేరు మీద ఉంది నాయనా."

"ఇల్లు నా పేరు మీద ఉంది!"

ఆ మాటకి పిల్ల రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. బండి కూడా తియ్యలేదు. రోజూ ఎవరి స్కూటర్నో బతిమాలుకొని పొయ్యేది. ఆలస్యమైతా ఉంది, ఇట్టాగైతే ఇంకొకర్ని చూసుకుంటామని ఆసుపత్రిలో అనేసినారు. టైర్లరిగిపోతే జారింది గానీ నేను తోలడం రాక కాదు నాయనా అని అప్పుడు ఏడ్చింది. చివరికి నా కొడుకొక మాటకు దిగొచ్చినాడు. "సరే. మీ అవ్వను తీసుకొని పో. ఆమె సరేనన్న టైర్లు వేయించుకొనిరా. రేపు పొద్దున బండ్ల బ్రోకరు వస్తానన్నాడు. అప్పటికి బండికి అవే టైర్లుంటే ఇంక నీ బండి జోలికి రాను, లేకుంటే ఆయనకి అమ్మేస్తా."

వాడు నాకు కడుపున పుట్టినోడు, వాడి ఎత్తు నాకు తెలవకుండా పోతాదా? నేను సబ్బుబిళ్ళ అరిగిపోతే దాన్ని కొత్తదానికి అతికించి వాడేదాన్ని. అగ్గిపుల్ల మిగిలితే రెండో పొయ్యికి దాచేదాన్ని. టైర్ల ధర వినంగానే ఈ ముసిల్ది నోరు తెరిచి, వొద్దులే పదమని పిల్లను వెనక్కి తెస్తాదని వాడి లెక్క. నా పిసినారితనం మీద వాడికంత నమ్మకం.

ఆ నమ్మకం నాకు గుచ్చుకుంది. ఇంకొకటి కూడా ఉండాది. నేను మూడో తరగతి దాటలేదు. మాది బుచ్చిరెడ్డిపాలెం పక్క, ధాన్యం బేరం చేసే ఇల్లు. బడి కాలవకి అవతల. ఆ ఏడు వానలకి దోవ మునిగింది. నీళ్ళు తగ్గినాక పోదువులే అన్నారు మా నాయన. నీళ్ళు తగ్గినాయి. నన్ను మళ్ళా ఎవరూ పంపించలేదు. వానని సాకు పెట్టి ఈ ఇంట్లో ఇంకో ఆడపిల్లను కూర్చోబెట్టడం నేను బతికుండంగా జరగదని, ఆ పొద్దున కారెక్కేటప్పుడే అనుకున్నాను. వేయించుకోకుండా తిరిగి రాను. అయితే ఊరికే డబ్బు పొయ్యను కూడా పొయ్యను. రెండూ నా పంతాలే.

అందుకే అంగడాయన, "పాత స్టాకు ఉందమ్మా, ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు, ధర బాగా తగ్గించి ఇస్తా" అనంగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇంట్లో పాత బియ్యమంటే గౌరవం. కొత్త వడ్లు ఆడించి ఎవరన్నా వండితే, వాళ్ళకి గతి లేదనుకునేవాళ్ళం. బియ్యం ఏడాది నిలవుంటే గానీ చుట్టాలకి పెట్టేవాళ్ళం కాదు. వాడకుండా దాచిన సరుకు చెడిపోతాదని నా బుర్రకెట్టా తడతాది?

నేను వినేట్టు లేనని పిల్లకి అర్థమైంది. నడుం మీద చేతులు పెట్టుకొని, "సరే, బియ్యమే గదా. కొరికి చూసి చెప్పు, పాతదో కొత్తదో" అనింది.

పక్కనెవరో నవ్వినారు. నాకు ఒళ్ళు మండింది. "నా పళ్ళు లేవని ఎగతాళా?"

"ఎగతాళి కాదవ్వా. నీ కుక్కర్ రబ్బరు గుర్తుందా?"

నిచ్చెన మీదాయన్ని ఆగమని చెయ్యి చూపించినాను.

కుక్కర్ రబ్బరు కథేందంటే, చౌకగా వస్తా ఉంటే ఒకసారి రెండు కొన్నాను. ఒకటి వాడి, ఇంకొకటి కాగితంలో చుట్టి బీరువాలో పెట్టినాను, నగ పెట్టినట్టు. కొన్నేళ్ళకి మొదటిది సాగిపోతే దాన్ని తీసినాను. చెయ్యి పడని రబ్బరు. మూతకి పెట్టబోతే ఎండిన తాటాకు మాదిరి బిర్రుగా ఉంది. వంచితే సన్నగా పగుళ్ళు. అయినా పెట్టినాను. ఆవిరంతా చుట్టూతా పొయ్యింది, కూత రాలేదు, పప్పు ఉడకలేదు. ఆ రోజు ఇంట్లో అందరూ మజ్జిగన్నం తిన్నారు. ఆ అంగడోణ్ణి ఎన్ని తిట్లు తిట్టినానో ఈ పిల్ల వినింది.

"ఇది కూడా రబ్బరే గదవ్వా" అనింది. గొంతు తగ్గించి అనింది, నా మర్యాద కోసం.

"దించు అబయా" అన్నాను.

"ఏది దించేదమ్మా?"

"రెండూ. పాతదొకటి, కొత్తదొకటి. పక్కన పక్కన పెట్టు."

పెట్టినాడు. పిల్ల టైరు పక్కన చిన్న అచ్చు చూపించింది. అంకెలు నాకొచ్చు. నాలుగంకెల్లో వెనక రెండూ తయారైన ఏడంట. చూస్తే, అది ఈ పిల్ల ఇంకా బళ్ళో చదువుకుంటా ఉండిన ఏడు. వేలిగోరు పెట్టి నొక్కినాను. పాతదానికి గోరు దిగలేదు, జారింది. కొత్తది లోపలికి పొయ్యి మళ్ళా పైకొచ్చింది. ఇంక కొరికే పనేముంది?

"ఇది పైకెత్తి పెట్టుకో" అన్నాను పాతదాన్ని చూపించి. "ఇంకో ముసిల్దెవరన్నా బియ్యం కొననొస్తే అమ్ము."

అంగడాయన తల గోక్కుంటా నవ్వేసినాడు. పిల్ల ముఖం వెలిగింది. వెలిగిందని ఊరుకుంటే బాగుండు. వెంటనే గోడకి తగిలించిన ఇంకో రకం టైరు మీదికి ఎగబడింది. వెడల్పుది, పక్కన ఎర్ర గీత. "అన్నా, ఇవి. ఈ బండికి ఇవే అందం."

"అందం ఎవరికిమే? తోలేటప్పుడు నువ్వు లోపలుంటావు. చూసేది గేదెలు."

"పట్టు కూడా బాగుంటాది అవ్వా, స్పోర్ట్ టైర్లు!"

అంగడాయన్ని అడిగినాను. పట్టు మాట నిజమేనన్నాడు, కానీ రబ్బరు మెత్తన కాబట్టి మన దోవలకి తొందరగా అరిగిపోతాయన్నాడు. మరి ఎక్కువ కాలం వచ్చేది ఏదంటే ఇంకోటి చూపించినాడు. అది గట్టిది, ఏళ్ళ తరబడి అరగదంట. నా చెయ్యి దాని మీదికి పొయ్యింది, పొయ్యి ఆగింది. గట్టిపడిన రబ్బరు సంగతి ఇప్పుడే గదా చూసినాను.

"వానలో ఆగేది ఏది? అది చెప్పు ముందు" అన్నాను.

మూడోది తీసినాడు. చూడ్డానికి ఏమీ లేదు, ఎర్ర గీతా లేదు, ఏమీ లేదు. చుట్టూతా లోతుగా నాలుగు గాళ్ళు, వాటిల్నించి పక్కలకి చిన్న చిన్న కోతలు. టైరు కింద పడిన నీళ్ళు ఈ గాళ్ళలో పడి పక్కకి పోతాయి, అప్పుడే రబ్బరు దోవని పట్టుకుంటాదని చెప్పినాడు. అది నాకు తేలిగ్గా అర్థమైంది. కయ్యలో నీళ్ళు పొయ్యేదానికి మడవ తియ్యకుంటే పైరు నిలవదు, ఇదీ అంతే. మా కారు టైర్లు చూస్తే గాళ్ళే లేవు, అరిగి నున్నగా బోడిగుండు మాదిరి ఉండాయి. పాస్టరుగారి ప్రార్థన బండిని గట్టు మీద ఆపింది. టైరుకి గాడి కొయ్యడం మాత్రం దేవుడు మనకే వదిలేసినాడు.

"ఇవే. నాలుగూ" అన్నాను.

పిల్ల నమ్మలేదు. "నాలుగా? ముందు రెండూ చాలంటావేమో అనుకున్నా."

"ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి అరిగిన చెప్పు వేసుకొని తడిగచ్చు మీద నడుస్తావా? నాలుగూ."

ఎర్ర గీత వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత తలాడించింది.

పాత టైర్లు విప్పినాక ఇంకో సంగతి కనపడింది. ముందు రెండూ లోపలి పక్కే ఎక్కువ అరిగుండాయి. ఎందుకట్టా అంటే, చక్రాలు నేరుగా లేవు, అలైన్‌మెంటు పొయ్యిందమ్మా అన్నాడు. "మరి ఇది సరిచెయ్యకుండా కొత్తవి వేస్తే ఇవీ అట్టే తినేస్తాయి గదా?" అన్నాను. తినేస్తాయన్నాడు. "అయితే చెప్పవేం! చెయ్యి." అది చేసేదాకా కుర్చీలోనించి లేవలేదు. చినుకులు మొదలైనాయి. వానొస్తా ఉండాది, రేపు రండి అన్నారు. రేపు కాదు ఇయ్యాలే అన్నాను. తిండి వేళ దాటింది. పిల్ల అరటిపళ్ళు తెచ్చింది. ఒకటి తిని, తొక్క ఎక్కడ వెయ్యాల్నో చూపిస్తే గానీ ఇంకోటి తిననని కూర్చున్నాను.

పొయ్యేటప్పుడు పాత టైర్లు అక్కడే వదిలేద్దామనింది పిల్ల. నా ఒంట్లో ఊపిరుండంగానా? మైపాడులో పడవలకి పక్కన కట్టుకునేదానికి అడుగుతా ఉంటారు, గట్టుకి తగిలితే చెక్క నలగకుండా. రెండు డిక్కీలో తోసినాం. రెండు వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాయి. నా తెల్లచీర బొగ్గుల బస్తా మాదిరి తయారైంది. దోవంతా పిల్ల అద్దంలో నన్ను చూసి నవ్వతానే ఉంది. "ముందు దోవ చూడు" అన్నాను. ఇంటికి చేరేసరికి నా కొడుకు ఇంకా గుంటల కాడే ఉన్నాడు. వాన పెద్దదైంది.

పొద్దునకి కూడా తెరిపివ్వలేదు. పిల్ల బయల్దేరే వేళకి నా కొడుకు గొడుగేసుకొని వాకిట్లోకొచ్చినాడు. వంగి, సెల్లు లైటు వేసి నాలుగు టైర్లూ చూసినాడు. గాళ్ళలో వేలు పెట్టి చూసినాడు.

"ఎంతయింది?" అన్నాడు నాతో.

"నువ్వు చూడమన్నది టైర్లు. టైర్లు చూడు" అన్నాను.

వాడు పొయ్యి గేటు తీసినాడు.

మా అరుగు మీదనించి గుంటల కాడ మలుపు కనపడతాది. ఇద్దరం నిలబడి చూసినాం. మలుపు కాడ బండి వెనక ఎర్ర లైట్లు వెలిగినాయి. బండి నెమ్మదైంది, తిరిగింది, పొయ్యింది. కాసేపటికి పిల్ల ఫోన్ చేసి, చేరినానని, వేళకే చేరినానని చెప్పింది.

పొద్దెక్కినాక బ్రోకరొచ్చినాడు. అరుగు పక్కన పాత టైర్లు చూసి, "కొత్తవి వేసినారా? అయితే రేటు ఇంకా పలుకుతాది" అన్నాడు. నా కొడుకు ఆయనకి కాఫీ ఇచ్చి పంపించేసినాడు.